ఐదో గడి లేని దరఖాస్తు

అమెరికా పౌరులు తమవాళ్లను ఆ దేశానికి రప్పించుకోవాలంటే మొదట నింపాల్సింది ఐ-130 పత్రం. అందులో తొలి ప్రశ్నే ఈ దరఖాస్తు ఎవరి కోసమని. జవాబుకు నాలుగు గడులుంటాయి: జీవిత భాగస్వామి, తల్లి లేదా తండ్రి, తోబుట్టువు, సంతానం. పరదేశపు అమ్మాయిని పెళ్లాడిన అమెరికా పౌరుడు తన అత్తగారి కోసం ఆ పత్రం తెరిస్తే టిక్కు పెట్టడానికి చోటు దొరకదు. మామగారి మందుల ఖర్చు నెలనెలా తానే పంపుతున్నా సరే, ఆ చట్టం లెక్కలో అత్తమామలు అల్లుడికి ఏమీ కారు.

మరి దారే లేదా అంటే ఉంది, కాకపోతే చుట్టుదారి. ముందు భార్యకు గ్రీన్‌కార్డు రావాలి. పెళ్లయి రెండేళ్లు నిండకముందే వస్తే అది రెండేళ్ల షరతుల కార్డు. గడువు తీరబోయే ముందు 90 రోజుల్లో, తమది ఉత్తుత్తి పెళ్లి కాదని మళ్లీ రుజువులు పెట్టుకోవాలి. పౌరుడైన భర్తతో కలిసి ఉంటూ కార్డుదారుగా మూడేళ్లు గడిపితే పౌరసత్వానికి అర్హత వస్తుంది. మధ్యలో కాపురం చెదిరితే ఆ మూడు కాస్తా ఐదవుతుంది. పౌరసత్వ ప్రమాణం చేశాక, 21 ఏళ్లు నిండి ఉంటే, అప్పుడు ఆమె తల్లికొకటి, తండ్రికొకటి విడివిడిగా ఐ-130 వేయాలి. గ్రీన్‌కార్డు మాత్రమే ఉన్నవాళ్లకు తల్లిదండ్రుల కోసం అడిగే వీలే లేదు. ఇంట్లో ఇంకా చదువుకుంటున్న తమ్ముడుంటే అతను అమ్మానాన్నల వెంట రాలేడు. ఈ కోవలో వెంట వచ్చేవాళ్లకు వీసా ఇవ్వరు. చాలా కుటుంబాల లెక్క తప్పేది ఇక్కడే. పదిహేనేళ్ల కొడుకును ఎవరి దగ్గర వదలాలో తేలక తల్లి ఆగిపోతుంది, తానొక్కడూ వెళ్లి చేసేదేముందని తండ్రీ ఆగిపోతాడు.

ఒక మేలు ఒప్పుకోవాలి. ఏటా ఇన్నే వీసాలన్న పరిమితి నుంచి పౌరుల తల్లిదండ్రులను 1965 నాటి వలస చట్టం తప్పించింది. తోబుట్టువుల కోటాలో లాగా ఏళ్లూపూళ్లూ వరుసలో నిలబడే బాధ వాళ్లకు లేదు. కష్టమంతా ఆ గుమ్మం దాకా చేరడంలోనే.

జాప్యం కన్నా మాకు మింగుడుపడనిది పోషణ పూచీ దగ్గర కనిపించే తీరు. వచ్చేవాళ్లు ప్రభుత్వానికి భారం కారని ఐ-864 పత్రం మీద హామీ ఇవ్వాలి. సమాఖ్య ప్రభుత్వం ప్రకటించే పేదరిక ప్రమాణానికి 125 శాతం ఆదాయం చూపాలి. కూతురి జీతం చాలకపోతే, అదే ఇంట్లో ఉండే అల్లుడు ఐ-864ఏ మీద సంతకం చేసి తన ఆదాయాన్ని కలపవచ్చు. అడగడానికి పరాయివాడైన మనిషి పూచీ పడటానికి ఇంటివాడయ్యాడన్నమాట! ఆ సంతకం తేలికైనదీ కాదు. అత్తమామలు పౌరులయ్యేదాకానో, పదేళ్ల పనికి సమానమైన 40 త్రైమాసికాలు వారి ఖాతాలో జమపడేదాకానో, వాళ్లు దేశం శాశ్వతంగా విడిచి వెళ్లేదాకానో, లేదా కన్నుమూసేదాకానో అది మెడకు చుట్టుకునే ఉంటుంది. నడుమ ఆలుమగలు విడాకులు తీసుకున్నా చెల్లిపోదు. కెనడాలోనూ ఇదే వరస. ఎవరి తల్లిదండ్రులకు వాళ్లే స్పాన్సర్ చేయాలి, భార్య లేక భర్త పక్కన సంతకం మాత్రం పెట్టవచ్చు. క్యూబెక్ మినహా అక్కడ ఆ పూచీ 20 ఏళ్లు.

అత్తమామలను కుటుంబంగా గుర్తించడం అసాధ్యమేమీ కాదు. యూరోపియన్ యూనియన్‌లో ఒక సభ్యదేశపు పౌరుడు మరో సభ్యదేశానికి వెళ్లి ఉంటే, అతని మీద ఆధారపడిన తల్లిదండ్రులతో పాటు భార్య తల్లిదండ్రులనూ కుటుంబ సభ్యులుగానే చూడాలని 2004 నాటి యూనియన్ ఆదేశం చెబుతోంది. ఆధారపడటమంటే ఏమిటో 2007 జనవరిలో యూనియన్ న్యాయస్థానం తేల్చింది కూడా, అంతకుముందున్న నిబంధన కింద వచ్చిన ఒక అత్తగారి కేసులోనే. కోడలు స్వీడన్‌లో సొంత పని చేసుకుంటున్న జర్మన్ పౌరురాలు. అత్తగారు చైనా నుంచి సందర్శక వీసా మీద వచ్చిన విశ్రాంత ఉద్యోగిని. కొడుకూ కోడలూ ఆదుకోకపోతే తనకు గడవదనడానికి ఆమె చూపింది, గతంలో పనిచేసిన సంస్థ రాసిచ్చిన ధ్రువపత్రం. స్వీడన్ అధికారులు అది చాలదన్నారు. స్వదేశంలో ఉండగా కనీస అవసరాలకు ఆ సాయం కావలసి ఉండాలని, దాన్ని తగిన ఏ ఆధారంతోనైనా రుజువు చేసుకోవచ్చని న్యాయస్థానం చెప్పింది. మేం చూసుకుంటామన్న వట్టి హామీపత్రాన్ని మాత్రం రుజువుగా ఒప్పుకోనక్కర్లేదంది. కుటుంబానికీ ప్రభుత్వానికీ ఇద్దరికీ సరిపడే కొలత ఇది.

జర్మనీ మరో అడుగు వేసింది. 2024 మార్చి 1 నుంచి తొలిసారి నివాస అనుమతి పొందే నిపుణ ఉద్యోగులు తల్లిదండ్రులనే కాక, భార్య లేక భర్త కూడా అక్కడే స్థిరంగా ఉంటుంటే అత్తమామలనూ తెచ్చుకునే వీలు కల్పించింది. ఖర్చులకు, ఆరోగ్య బీమాకు ఏర్పాటు చూపాలి. ఉద్యోగుల కొరత ఎంత పనైనా చేయిస్తుంది! విచిత్రమేమంటే, జర్మన్ పౌరుడిని పెళ్లాడి ఆ హోదాతోనే ఉంటున్న పరదేశీయురాలి అమ్మానాన్నలకు ఈ వెసులుబాటు అందదు.

బ్రిటన్ ఎదురు దిక్కున నడిచింది. 2012 జులైలో తెచ్చిన నిబంధన ప్రకారం, వచ్చే పెద్దవాళ్లకు స్నానం, వంట, బట్టలు తొడుక్కోవడం లాంటి పనులకు దీర్ఘకాలం మరొకరి చేయి కావాలి. ఆ చేయి స్వదేశంలో దొరకకూడదు, దొరికినా ఖరీదు భరించలేనిదై ఉండాలి. పిల్లలు డబ్బు పంపగలిగినవాళ్లైతే అక్కడే మనిషిని పెట్టుకోమంటారు, పంపలేకపోతే ఇక్కడెలా పోషిస్తారంటారు. ఆ సందులోంచి దూరి వచ్చేవాళ్లు ఎందరుంటారు?

వృద్ధుల వైద్యం ఖజానాకు బరువన్న వాదనను మేం కొట్టిపారేయం. అయితే అమెరికాలో దిగీదిగగానే మెడికేర్, అంటే వృద్ధులకు ప్రభుత్వం నడిపే ఆరోగ్య బీమా, చేతికందదు. అక్కడ పనిచేసిన చరిత్ర లేనివాళ్లు 65 నిండాక కూడా, కనీసం ఐదేళ్లు ఎడతెగకుండా స్థిరనివాసులుగా ఉంటేనే ప్రీమియం కట్టి చేరగలరు. ఈలోపు ఆసుపత్రి బిల్లు ఆ ఇంటిదే. అలాంటప్పుడు భార్యాభర్తలు ఇద్దరూ కలిసి అడిగే ఉమ్మడి దరఖాస్తుకు, భార్య కార్డు షరతులు తొలగిన రోజు నుంచే, తలుపు తెరవాలని మేం కోరుతున్నాం. సంతకం కావాలన్నప్పుడు అడిగే హక్కూ ఇవ్వాలి. అదీ కుదరదంటే కెనడా సూపర్ వీసా లాంటిదైనా ఉండాలి. 2011 డిసెంబరులో మొదలైన ఆ వీసా మీద 2022 జులై నుంచి ఒక్కో రాకకు ఐదేళ్ల దాకా ఉండనిస్తున్నారు. లక్ష కెనడా డాలర్ల వైద్య బీమా తప్పనిసరి. పిల్లలు పౌరులే కానక్కర్లేదు, స్థిరనివాసులైనా చాలు. అమెరికా సందర్శక వీసా మీద సాధారణంగా దొరికేది ఆరు నెలలు.

ఆ ఆరు నెలలనే అడ్డదారిగా వాడుకొమ్మని సలహా ఇచ్చేవాళ్లకు కొదవలేదు. ఉండిపోయే ఉద్దేశాన్ని దాచి, చూసి వెళ్తామని అధికారికి చెప్పి అడుగుపెట్టడం అబద్ధమని తేలితే, జీవితాంతం ప్రవేశం మూసుకుపోయే ప్రమాదముంది. దానికన్నా ఎదురుచూసే ఏళ్లలో కాగితాలు సరిచేసుకోవడం మేలు. కూతురి జనన ధ్రువపత్రంలో తల్లి పేరు పుట్టింటి ఇంటిపేరుతో, పాస్‌పోర్టులో అత్తింటి ఇంటిపేరుతో ఉంటుంది. ఒకచోట అక్షరం ఎక్కువ, ఇంకోచోట తక్కువ. తండ్రి కోసమైతే ఆయన పెళ్లి పత్రం కూడా అడుగుతారు. నలభై ఏళ్ల నాటి పెళ్లికి కాగితమెక్కడిదని అప్పుడు వెతుకులాట మొదలవుతుంది.

వెతుకులాటకు ముందే ఆ పెద్దవాళ్లను ఒక మాట అడగాలి, వస్తారా అని. మనవడి కోసం ఆరు నెలలు ఉండటం వేరు, ఇరుగుపొరుగు, పింఛను, పాత డాక్టరు అన్నీ వదిలి రావడం వేరు. సగం కాలం అక్కడా సగం ఇక్కడా ఉండవచ్చని చాలామంది అనుకుంటారు. గ్రీన్‌కార్డు అందుకు ఒప్పుకోదు. తిరిగి రావడానికి ముందుగా తీసుకునే రీఎంట్రీ పర్మిట్ లేకుండా ఏడాదికి మించి బయట ఉండిపోతే నివాసం వదులుకున్నట్టే లెక్కగడతారు. ఆరు నెలలు దాటి తిరిగొచ్చినా విమానాశ్రయంలో అధికారి ప్రశ్నలకు జవాబు చెప్పుకోవాల్సింది కూతురూ అల్లుడూ కాదు, ఆ డెబ్బై ఏళ్ల మనిషే.