మంకీ క్యాప్ గారికి, కొత్త కోడలు రాయునది

కడప

మహారాజశ్రీ మంకీ క్యాప్ గారికి,

ఇక్కడ అందరం క్షేమం. మీ క్షేమం అడగనక్కర్లేదు, మిద్దె మీద తీగకు వేలాడుతూ హాయిగా ఎండ కాచుకుంటున్నారు. మామ కాశీకి పోయినప్పుడు కొన్నారట మిమ్మల్ని. ఆ లెక్కన ఈ ఇంట్లో మీరు నాకన్నా చాలా సీనియర్. నశ్యం రంగు, నెత్తిన కుచ్చు, ఒళ్లంతా కలరా ఉండల వాసన. పెద్దవారిని ఏమీ అనకూడదు గానీ, మా ఊటీ హనీమూన్‌కు మీరెందుకు వచ్చారో అడగకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

బ్యాగులో మిమ్మల్ని అన్నిటికన్నా పైన పెట్టింది అత్తమ్మ. కింద పెడితే కొండెక్కేలోపు దొరకరని భయం. "చెవుల్లోకి గాలి పోతే జరమొస్తాది నాయనా, కొండ కనపడంగానే పెట్టుకో" అంది. ఆ నాయన సంక్రాంతి తెల్లవారుజామున ఒట్టి బనీనుతో ఏడు రోడ్ల దగ్గరికి పోయి టీ తాగి వచ్చే మనిషి. అమ్మ మాట జవదాటరు. కడప చుట్టూ కొండలే కాబట్టి ఇంటి ముందే పెట్టుకోనందుకు సంతోషించాను. కొండ కింద మెట్టుపాళయంలో పెట్టుకున్నారు. అక్కడ అందరూ చెమట తుడుచుకుంటున్నారు.

సీజన్‌లో ఊటీకి బండిలో పోవాలంటే ఈ-పాస్ తీసుకోవాలి. మద్రాసు హైకోర్టు ఉత్తర్వుతో 2024 మే నుంచి వచ్చిన పద్ధతి. ఎంతమంది ప్రయాణికులు అని అడిగితే మా ఆయన ఇద్దరు అని కొట్టారు. నేను పక్కనే ఉండి కూడా నోరు మెదపలేదు.

నేను కాలేజీలో ఫిజిక్స్ చెప్తాను. కిలోమీటరు ఎత్తు పెరిగితే దాదాపు ఆరున్నర డిగ్రీలు వేడి తగ్గుతుంది. కడప సముద్ర మట్టానికి 140 మీటర్లు కూడా లేదు, ఊటీ 2240. అంటే తగ్గేది 14 డిగ్రీల లోపే. మన 40లోంచి 14 తీసేయండి, మబ్బు పట్టిందని ఇంకో మూడు నాలుగు తీసేయండి. మిగిలేదానికి స్వెటరే ఎక్కువ. ఇదంతా ట్యాక్సీలో మా ఆయనకు వివరంగా చెప్పాను. అంతా విని "ఆఁ?" అన్నారు. అప్పటికే మీరు చెవుల మీదికి దిగిపోయి ఉన్నారు.

మీ వంశ చరిత్ర నాకు తెలుసు లెండి. 1850ల్లో క్రిమియా యుద్ధంలో గడ్డకట్టిపోతున్న ఇంగ్లిష్ సైనికుల కోసం మీ పూర్వీకులను అల్లి పంపారు. బాలాక్లావా అనే ఊరి పేరు మీ ఇంటిపేరైంది. మంచుకు, తూటాలకు ఎదురు నిలిచిన కుటుంబం, ఊటీలో ఉడకబెట్టిన మొక్కజొన్న కండె తినడానికి తోడు రావడం ఏమైనా గౌరవంగా ఉందా? బెంగాల్లో మీకు ఇంతకన్నా పెద్ద పీట వేస్తారట. అక్కడే స్థిరపడిపోయి ఉండాల్సింది.

అసలు దొరలు ఊటీ ఎక్కిందే వేడి తట్టుకోలేక. ఎండాకాలం వస్తే మద్రాసు ప్రభుత్వమే ఫైళ్లు మూట కట్టుకుని కొండెక్కేది. 1820ల్లో కోయంబత్తూరు కలెక్టరు సల్లివన్ దొర అక్కడ చెరువు కట్టిస్తే, ఆ పదేళ్లలోనే ఇక్కడ బ్రౌన్ దొర కడపలో బంగ్లా కొని, పండితులను కూర్చోబెట్టి తాటాకులు సరిచూయిస్తున్నాడు. ఈ ఎండలో ఆయన తలకు ఏం పెట్టుకున్నాడో గానీ, మిమ్మల్ని మాత్రం కాదు. మనోళ్ల సంగతి వేరే. చల్లగాలి కోసం వేలకు వేలు పోసి కొండెక్కడం, ఎక్కంగానే ఆ గాలి ఒంటికి తగలకుండా మిమ్మల్ని తగిలించుకోవడం. చల్లదనం చూసి రావడానికే గానీ తగలడానికి కాదన్నట్టు.

మొదటి రోజు పొద్దున బొటానికల్ గార్డెన్. 1848లో వేసిన తోట, మే నెలలో పూల ప్రదర్శన, ఇసకేస్తే రాలని జనం. అక్కడ 2 కోట్ల ఏళ్ల నాటి చెట్టు మొద్దు ఉంది, రాయిగా మారిపోయింది. దాని పక్కన మా ఆయనను నిలబెట్టి ఫొటో తీశాను. ఆ ఫొటో మా పిన్నికి పంపితే "అల్లుడు ఏడీ?" అని మెసేజ్ పెట్టింది. పెళ్లిలో బాసికం కింద కనబడిన నుదురు అది. ఊటీలో ఆ నుదురు మీదైపోయింది. నాకు రెండు కళ్లు, ఒక ముక్కు, సగం మీసం మిగిల్చారు. ఆ మీసంలో మీ ఉన్ని పోగులు.

దొడ్డబెట్టకు మధ్యాహ్నం పోయాం. నీలగిరుల్లో అన్నిటికన్నా ఎత్తు, 2637 మీటర్లు. టెలిస్కోపు గది ముందు క్యూ, ఆ క్యూలో సగం తలలు మీ చుట్టాలవే. ఎండ చురుక్కుమంటోంది. మిగతావాళ్లు చొక్కాలతో తిరుగుతుంటే, మెడ దాకా మూసుకున్నవాళ్లలో ఎవరు నోరు తెరిచినా తెలుగే. నేను కండె కొనుక్కుని వచ్చేసరికి మా ఆయన చంకలో ఒక పిల్లోడు ఉన్నాడు. మా ఇంటి ముందు పెళ్లి పందిరి ఇంకా విప్పలేదు.

"ఎవరీ పిల్లోడు?" అన్నాను.

"ఆఁ?"

నేనే చేయి పెట్టి మిమ్మల్ని ఒక పక్క పైకి లాగి, మళ్లీ అడిగాను.

"తెలీదు. ఒకామె వచ్చి ఏదో అడిగింది. ఆఁ అన్నా. చేతిలో పెట్టి పోయింది."

కాసేపటికి ఆమె వచ్చింది. ప్రొద్దుటూరు మనిషి. ఆమెకు ఎదురుగా ఆమె భర్త వచ్చాడు, అదే నశ్యం రంగు, అదే కుచ్చు. ఆమె ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. పిల్లోడు మాత్రం ఏ పట్టింపూ లేకుండా మా ఆయన గడ్డం కింద మీ అంచును చీకుతున్నాడు.

"ఇదేందన్నా, పిల్లోన్ని పట్టుకుంటావా అంటే ఆఁ అంటివి?" అంది.

"ఆఁ?" అన్నారు మా ఆయన.

ఆమె నా వైపు తిరిగి గొంతు తగ్గించి "మా అత్త పెట్టింది చెల్లీ" అంది. "మా అత్త కూడా" అన్నాను. ఇంకేం మాట్లాడుకోలేదు. అవసరం రాలేదు.

సాయంత్రం చెరువులో పడవ. పెడల్ తొక్కేది. నీళ్ల అవతల యూకలిప్టస్ చెట్లు, దూరంగా చిన్న రైలు కూత. 1908 నుంచి ఊటీ దాకా వస్తున్న ఆ రైలుకు మాకు టికెట్లు దొరకలేదు. చుట్టూ ఎవరూ లేరు. పెళ్లిచూపుల నాటి నుంచి చెప్పాలని దాచుకున్న మాట, కొంచెం సిగ్గుపడుతూ చెప్పాను.

"మీతో ఇట్ల ఉంటే చాలా బాగుంది."

"చలిగా ఉందా? ముందే చెప్పొచ్చు కదా" అని చేతిసంచిలోంచి మీ జతను తీశారు. లేత గులాబీ రంగు. "అమ్మ నీకూ ఒకటి పెట్టింది."

ఒడ్డుకు చేరేదాకా నేను పెడల్ తొక్కలేదు.

రాత్రి రూముకు వచ్చాక, అడగకుండానే ఆయన మిమ్మల్ని తీసి మంచం పక్కన పెట్టారు. ఆ మొహం అంతా కనబడేసరికి నా కోపం సగం పోయింది. అంతలో అత్తమ్మ వీడియో కాల్. గబగబా మిమ్మల్ని మళ్లీ తొడుక్కుని గానీ ఆన్ చేయలేదు.

ఎత్తుకు పోయేకొద్దీ చలే కాదు, ఎండ కూడా మారుతుంది. కిలోమీటరుకు దాదాపు 10 శాతం చొప్పున అతినీలలోహిత కిరణాలు పెరుగుతాయి. అందుకే ఇంటికి వచ్చేసరికి మా ఆయన మొహం మధ్యలో గుండ్రంగా నల్లగా, చుట్టూ తెల్లగా తయారైంది. అత్తమ్మ గడప దగ్గరే ఆ మొహం రెండు చేతుల్లోకి తీసుకుంది. "చూస్తివా, చలికి ఎట్ల కమిలిపోయిందో! మూసిన తావు మాత్రం చెక్కుచెదర్లేదు." ఫిజిక్స్ నా గొంతు దాకా వచ్చింది. మింగేశాను.

శ్రావణంలో మా ఆడబిడ్డ పెళ్లి. వాళ్లు మున్నార్ పోతారట. కాబోయే అల్లుడికి మిమ్మల్ని, పిల్లకు గులాబీ రంగుదాన్ని ఇచ్చి పంపాలని అత్తమ్మ అప్పుడే అనేసింది. మీ మంచి కోరి చెప్తున్నాను, అక్కడ ఆ నెలలో వాన తెరిపి ఇవ్వదు. తడిసిన ఉన్ని ఒక పట్టాన ఆరదు. ఆడబిడ్డకు గొడుగు నేనే కొని పెట్టాను, చిన్నది చూసి.

ఇట్లు
మీ ఇంటి కొత్త కోడలు