పాంచో విల్లా ప్రాణం తీసింది పంటి చీము, పంచ్ కాదు

బాక్సింగ్‌లో ఫ్లైవెయిట్ (తక్కువ బరువు విభాగం) ప్రపంచ ఛాంపియన్, ఫిలిప్పీన్స్‌కు చెందిన పాంచో విల్లా గురించి ఒక మాట తెగ షేర్ అవుతోంది: "1925లో జిమ్మీ మెక్‌లార్నిన్ దెబ్బలకు రింగ్‌లోనే కూలి చనిపోయాడు, టైటిలూ పోయింది. అయినా ఆ టైటిల్ గెలిచింది ముసలి జిమ్మీ వైల్డ్ మీదేగా!" ఇందులో సగం నిజమైనది చివరి ముక్క ఒక్కటే.

రింగ్‌లో చావలేదు. జులై 4న కాలిఫోర్నియాలో పది రౌండ్లూ నిలబడి, పాయింట్ల మీద ఓడాడు. పోయింది జులై 14న, శాన్‌ఫ్రాన్సిస్కోలో. అప్పటికి వయసు 23.

టైటిల్ కూడా పోలేదు. ఆ పోటీకి టైటిల్ పెట్టనే లేదు. కన్నుమూసేనాటికి ప్రపంచ ఛాంపియన్ అతనే.

ఇక దెబ్బల సంగతి. పోటీ రోజు ఉదయమే జ్ఞానదంతం పీకించుకున్నాడు. వాచిన ముఖంతోనే బరిలోకి దిగి, చాలాసేపు ఒక చేతిని చెంపకు అడ్డం పెట్టుకునే ఆడాడు. ఆ తర్వాత ఇంకో మూడు పళ్లు తీశారు. విశ్రాంతి తీసుకోమన్నా వినలేదు. చీము గొంతుకు పాకింది. వైద్యులు దీన్ని లుడ్‌విగ్స్ ఆంజైనా అంటారు. కింది దవడలో చివరి రెండు పళ్ల వేళ్లు, నోటి అడుగు కండరం ఎముకకు అంటుకునే చోటుకన్నా దిగువకు ఉంటాయి. అందుకే అక్కడి చీము నోట్లోకి రాకుండా దవడ కిందికి, మెడలోకి దిగుతుంది. నోటి అడుగు గట్టిపడి, నాలుక పైకీ వెనక్కీ జరిగి, ఊపిరి దారి మూసుకుపోతుంది. పంటినొప్పితో పాటు మింగుడు పడకపోయినా, దవడ కింద వాపు గట్టిపడినా, ఈ రోజుకీ వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే. అప్పటికి పెనిసిలిన్ లేదు, కనుగొన్నదే 1928లో. కోసి చీము తీయడమే దారి. ఆ ఆపరేషన్‌కు తీసుకెళ్లినా ప్రాణం దక్కలేదు.

పన్ను పీకిన పచ్చి పుండు మీద దెబ్బ పడితే రక్తపు గడ్డ కదిలిపోయి గాయం త్వరగా మానదు, నిజమే. కానీ ఆ నేరం 17 ఏళ్ల మెక్‌లార్నిన్ నెత్తిన రుద్దడం అన్యాయం. ఆ రోజు పోటీని వాయిదా వేసి ఉండాల్సింది.

విల్లాకు ముందు ప్రపంచ ఛాంపియన్ అయిన వైల్డ్ విషయానికొస్తే, 1921 జనవరి తర్వాత విల్లాతో తలపడేదాకా అతను పోటీ ఆడలేదు, అప్పటికి వయసు 31. అంతవరకు ఒప్పుకోవాల్సిందే. అయితే విల్లా అప్పటికే, 1922 సెప్టెంబరులో, జానీ బఫ్‌ను 11వ రౌండ్‌లో పడగొట్టి అమెరికన్ టైటిల్ గెలిచినవాడు. 1923 జూన్ 18న న్యూయార్క్ పోలో గ్రౌండ్స్‌లో వైల్డ్‌ను ఏడో రౌండ్‌లో నాకౌట్ చేశాడు. తప్పు పట్టాలంటే పట్టాల్సింది వేరే ఉంది: ఆ మార్చిలోనే విల్లాను ఓడించి అమెరికన్ టైటిల్ తీసుకున్న ఫ్రాంకీ జెనారోకు వైల్డ్‌తో ఆడే అవకాశం దక్కలేదు.