రబ్బరు కప్పగారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ రబ్బరు కప్పగారి దివ్యసముఖానికి,

ఉభయకుశలోపరి అని మొదలెట్టేవాణ్ణే. కానీ కుశలం తమరిది మాత్రమే. గాలానికి కట్టే ఉత్తుత్తి ఎర అయ్యుండీ, బాల్కనీలో బట్టల తీగకి క్లిప్పుతో వేలాడుతూ నిగనిగలాడుతున్నారు. నా నుదుటి మీద తమరి ముద్ర ఇంకా కమిలే ఉంది.

మొన్న ఆదివారం సంగతే. చీకటితో గాజువాకలో బండి తీసి, లంకెలపాలెం దాటి, కొండకర్ల ఆవ అనే సరస్సుకి చేరేసరికి ఇంకా మంచు విడలేదు. (2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు ఆవ అనకాపల్లి వాటాకి పోయింది. మా ఇంట్లో ఆ పంపకం ఇంకా ఒప్పుకోలేదు.) వెదురు కర్ర, వానపాము, నెమలి ఈక బెండు పట్టుకుని చిన్నప్పట్నుంచీ ఆ గట్టు మీద కూచున్నవాణ్ణి. చేప పడిందా సరే, పడలేదా ఇంకా సరే. బీపీ చూసిన డాక్టరు కూడా ‘అదే చెయ్యండి, మంచిది’ అన్నాడు. ఆ సుఖం తమరు పాదం మోపేదాకానే.

తమరు దాపురించింది ఫోన్లో అమెరికా వీడియోల పుణ్యమా అని. బాస్ చేప కలుపు కింద నక్కి ఉంటుందట, పైన కప్పలాంటిది కదిలితే నీళ్లు బద్దలు కొట్టుకొచ్చి మింగుతుందట. మన ఆవలో బాస్ లేకపోతేనేం, కొర్రమీనుదీ అదే బుద్ధి కదా అనుకున్నాను. 1932లో అమెరికాలోని జార్జియాలో జార్జ్ పెర్రీ పది కిలోల బాస్‌ని ఉత్తుత్తి చేపతో పట్టి ప్రపంచ రికార్డు కొట్టి, ఇంటికి తీసుకెళ్లి వండుకు తిన్నాడని విని మరీ మోసపోయాను. 2009లో జపాన్ బివా సరస్సులో ఆ రికార్డుని అందుకున్న కురిటా అనే ఆయన బతికున్న చేపనే ఎరగా గుచ్చాడని తమరి డబ్బా మీద ఎవరూ రాయలేదు మరి! 480 రూపాయలు. డెలివరీ అదనం.

‘కలుపులో చిక్కుకోదు’ అని మాత్రం రాశారు. తామర తూడుల్లో నాలుగుసార్లే చిక్కుకున్నారు లెండి. రెండు విసుర్లకోసారి తమరి పొట్టలో నీళ్లు నిండిపోతాయి. బొటనవేలితో నొక్కితే వెనక కన్నంలోంచి చిర్రుమని నా చొక్కా మీదకే. చంటిపిల్లాణ్ణి ఎత్తుకున్నట్టే ఉంటుంది, మురిపెం ఒక్కటే తక్కువ. ఒక తెల్లకొంగ వచ్చి, ముక్కుతో తమర్ని ఎత్తి, ఓ క్షణం ఆలోచించి, పడేసి పోయింది. అవన్నీ పోనీండి.

పోనివ్వలేనిది ఆ ‘బుడుంగు’.

కొర్రమీనుకి మొప్పలొక్కటే చాలవు, ఉండుండి పైకొచ్చి గాలి మింగి పోవాలి. అంత ఆవలో దానికి వేరే చోటే లేనట్టు తమరికి జానెడు దూరంలో తేలింది. బుడుంగు! నేను ఊపిరి బిగబట్టి ఒక్క గుంజు గుంజాను. అది వచ్చింది గాలికోసం. తమరు ఎగిరొచ్చి నా ఛాతీకి తగిలారు. మళ్లీ విసిరాను. మళ్లీ బుడుంగు. మళ్లీ ఛాతీ. ఏడోసారి నుదురు. ఆకుల సందులోంచి ఆ పాముతల ఎంత తీరిగ్గా లేచిందనీ! విశ్రాంతికని వచ్చింది నేను, ప్రాణాయామం చేసుకుంటున్నది అది.

తాటిదోనె మీద పోతున్న పెద్దాయన ఆపి మరీ చూశాడు. “ఏటి బావూ, దానికి పేనం నేదని సేపకి తెల్దేటి?”

ఆయనకి తెలుసు. చేపకి తెలుసు. కొంగకి కూడా తెలిసిపోయింది.

ఇంక ఈ తమరు గిమరు నావల్ల కాదు. ఒరేయ్ కప్పా! ఆ గట్టు మీద ఊరికే కూచోవడం నాకు బాగా వచ్చురా. ప్రపంచంలో నాకు బాగా వచ్చింది అదొక్కటే. నువ్వొచ్చాక విసురు, తిప్పు, పిండు, మళ్లీ విసురు. వారమంతా టార్గెట్ల కింద నలిగేవాడికి ఆదివారం కూడా టార్గెట్ పెట్టావు. మధ్యాహ్నం రెండింటికి ఇంటికొస్తే మా ఆవిడ “ఏం తెచ్చారు?” అంది. “ప్రశాంతత” అన్నాను. నా నుదురు చూసి, “ఏ గిన్నెలో వండమంటారు?” అంది.

ఇవాళ పొద్దున్న చెత్తబండిలో వేసేద్దామనే తీశాను నిన్ను. చూస్తే ఎడమ కన్ను ఊడి వేలాడుతోంది. నా నుదుటికి తగిలినప్పుడే ఊడి ఉంటుంది. ఫెవిక్విక్ పెట్టి అంటించాను. ఎందుకని అడక్కు. కొంచెం వంకరగా అతికింది, ఇప్పుడు నువ్వెటు చూస్తున్నావో నాకే తెలీడం లేదు.

ఆదివారం నాలుగింటికి అలారం పెట్టాను. వెదురు కర్ర కూడా వస్తోంది, ముందే చెప్తున్నాను. అది నా పక్కన. నువ్వు డిక్కీలో.

ఇట్లు,
ఛాతీ, నుదురు రెండూ కమిలిన
గాజువాక వాస్తవ్యుడు