గోంగూర పులుపునకు ఆధారం చూపాలి

తెలుగు వికీపీడియా 2003లో పుట్టింది. ఇన్నేళ్లలో అది తెలుగువాడికి నేర్పిన విద్యలన్నిటిలోకీ గొప్పది, తన నోట్లో పెట్టుకున్నదాన్ని కూడా తాను నమ్మకపోవడం.

"గోంగూర పుల్లగా ఉంటుంది" అని ఎవరో అమాయకుడు రాశాడనుకుందాం. తెల్లారేసరికి ఆ వాక్యం చివర చిన్నక్షరాల బిళ్ల ఒకటి వేలాడుతుంది: [ఆధారం చూపాలి]. ఇది చూసి నవ్వేవాళ్లున్నారు. నేను నవ్వను. ముంజేతి కంకణానికి అద్దమెందుకన్నారు మన పెద్దలు. ఆ కంకణం తాలూకు కొట్టు రసీదు ఏదని ఒక్కడూ అడగలేదు. మన జాతి చెడింది అక్కడే.

అమాయకుడు లబోదిబోమంటూ చర్చ పేజీకి వస్తాడు. "అయ్యా, మా అమ్మమ్మ కాలం నుంచీ తింటున్నామండీ. ఎర్ర కాడలదైతే ఇంకా పులుపు." తింటే తిన్నారు నాయనా! దాన్ని మా వికీపీడియన్ల పరిభాషలో మౌలిక పరిశోధన అంటారు, అది నిషిద్ధం. మీరు తింటుంటే పక్కన నిలబడి, మీ మొహం ముడుచుకోవడం గమనించి, ఆ సంగతి అచ్చు వేయించిన మూడో మనిషెవరైనా ఉంటే తీసుకురండి. మన తార్కికులు ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం అని నాలుగు ప్రమాణాలు చెప్పి, ప్రత్యక్షానికి ముందు పీట వేశారు. పాపం, వాళ్ల కాలంలో పుస్తకానికో నంబరు వేసే ఐఎస్‌బీఎన్ లేదు. (ఈలోగా ఒక తెలంగాణ వాడుకరి వచ్చి అసలది పుంటికూర అంటాడు. ఆ యుద్ధం వేరు, దానికి వేరే పేజీ కావాలి.)

ఇదంతా మన చాదస్తమే అనుకోకండి. 2012లో అమెరికా నవలాకారుడు ఫిలిప్ రాత్, తన నవలకు ప్రేరణ ఎవరన్నది ఇంగ్లీషు వికీపీడియాలో తప్పుగా ఉందని దిద్దించబోయాడు. మీ పుస్తకం గురించి మీకు తెలిసే ఉంటుంది గానీ ద్వితీయ మూలం, అంటే ఆ సంగతి వేరెవరో రాసి అచ్చు వేసింది, కావాలన్నారు అక్కడివాళ్లు. ఆయన ది న్యూయార్కర్ పత్రికకెక్కి బహిరంగ లేఖ రాసుకోవాల్సి వచ్చింది. రాసినవాడికే ఆ గతి పడితే, తిన్నవాడెంత?

అచ్చులో ఉంటే చాలా అని అడుగుతారు. చాలు. కోవాటీ అనే దక్షిణ అమెరికా జంతువుకు "బ్రెజిలియన్ ఆర్డ్‌వార్క్" అన్న పేరు కూడా ఉందని 2008లో ఒక విద్యార్థి సరదాకి వికీలో చేర్చాడు. ఆ ముక్క వికీ నుంచి పత్రికల్లోకి పాకింది. అదే ముక్కకు పత్రికలు వికీలో ఆధారాలయ్యాయి. ఏళ్ల తరబడి అది దర్జాగా బతికింది. కల్పించిన పేరుకు మూలం దొరికింది, గోంగూరకు దొరకలేదు. దొరకదు కూడా. గోంగూర పుల్లగా ఉందని శీర్షిక పెట్టే పత్రిక ఏదీ? చప్పగా ఉంటే పెడతారు.

అసలు నియమం ఇంత కర్కశంగా లేదని కొందరు పాఠం చెప్పబోతారు. ఎవరైనా సవాలు చేసినదానికీ, సవాలు చేస్తారనిపించినదానికీ మూలం ఇస్తే చాలునట. బాగుంది. నేను బిళ్ల తగిలించాను, సవాలు అయిపోయింది. నాకు పట్టిన కాలం ఒక్క క్షణం, మీకు పట్టేది ఒక పూట. నిరూపించే భారం రాసినవాడిదే. ఇంతకన్నా న్యాయమైన పని విభజన ఏ ఆఫీసులోనైనా ఉందా? ఇంగ్లీషు వికీపీడియన్లు ఈ గొడవ మీద వ్యాసాలే రాసి పెట్టుకున్నారు: ఆకాశం నీలమనడానికి మూలం అక్కర్లేదని ఒకటి, కావాలని మరొకటి. రెండూ ఉన్నాయి కాబట్టి ఎవరికి కావలసింది వాళ్లు విసురుకుంటారు.

మధ్యలో 2011 ప్రాంతంలో ఒక ప్రమాదం కూడా తప్పింది. ఊళ్లలో పెద్దవాళ్ల మాటలు రికార్డు చేసి, వాటినే ఆధారాలుగా చూపుదామని వికీపీడియాను నడిపే వికీమీడియా ఫౌండేషన్ సాయంతో మన దేశంలోనూ, దక్షిణాఫ్రికాలోనూ ఒక ప్రయోగం చేశారు. మన దేశపు ఎన్నో సంగతులు అచ్చుకెక్కకుండానే పోతున్నాయని వాళ్ల బాధ. బాధ నిజమే. కానీ అమ్మమ్మ నోటి మాటే ఆధారమైపోతే, ఇన్నాళ్లూ కూడబెట్టుకున్న మా బిళ్లలు ఏ గంగలో కలపాలి?

గోంగూర వ్యవహారం చివరికి రాజీకి వస్తుంది. వాక్యాన్ని అందరికీ ఆమోదమయ్యేలా తిరగరాస్తారు: "కొందరి అభిప్రాయం ప్రకారం గోంగూర పుల్లగా ఉండవచ్చు." చర్చ ముగిసినట్టు ప్రకటించి అందరూ అన్నాలకు లేస్తారు. తిరిగొచ్చేసరికి "కొందరి" పక్కన కొత్త బిళ్ల ఉంటుంది: [ఎవరు?].