పదిహేడు టైటిళ్లకు లింకు డాక్యుమెంట్లు

నేను లాస్ ఏంజెలెస్ లేకర్స్ అనే అమెరికా బాస్కెట్‌బాల్ జట్టుకు అభిమానిని. ఆ ఊళ్లో నేనెప్పుడూ అడుగు పెట్టలేదు. అదేమీ పెద్ద లోపం కాదు. మా జట్టు గెలిచిన 17 టైటిళ్లలో అయిదు కూడా అక్కడ అడుగు పెట్టలేదు.

ఈ సంగతి తెలిసీ, కోబీ, షాక్ మా జట్టుకు ఆడిన కాలం నుంచి ఎవరికీ చెప్పకుండా నెట్టుకొస్తున్నాను. మొన్న సంక్రాంతికి తెనాలి వెళ్తే మా బాబాయి కక్కించాడు. ఆయన డిప్యూటీ తహసీల్దారుగా రిటైరయ్యాడు. రిటైరయినా, ఎవరేం చెప్పినా ముందు కాయితాలడిగే అలవాటు మాత్రం పోలేదు. మనకు పొద్దున తొమ్మిదంటే అక్కడ ముందురోజు రాత్రి ఏడున్నర. అరుగు మీద కూర్చుని ఒక చేత్తో పెసరట్టు, ఇంకో చేత్తో ఫోన్‌లో మ్యాచ్ నడిపిస్తుంటే ఆయన పేపరు మడిచి పక్కన పెట్టాడు.

"లేకర్స్ అంటే ఏంట్రా?"

"లేక్ అంటే సరస్సు కదా బాబాయ్. సరస్సుల వాళ్లని."

"ఆ ఊళ్లో సరస్సులున్నాయా?"

"సముద్రం ఉంది."

"సముద్రం సంగతి నేనడగలేదు."

ఇక చెప్పక తప్పలేదు. ఉత్తరాన మినియాపొలిస్ అని ఓ ఊరుందని, ఆ రాష్ట్రం తనకు పదివేల సరస్సులున్నాయని చెప్పుకుంటుందని, జట్టు అక్కడిదని, మ్యాచ్‌లకు జనం రావడం తగ్గాక 1960లో లాస్ ఏంజెలెస్‌కు మకాం మార్చిందని, పేరు మాత్రం వెంట తెచ్చుకుందని. ఇందులో తప్పేముంది? మా ఇంటిపేరు గల ఊరు ఏ జిల్లాలో ఉందో మా ఇంట్లో ఎవరికీ తెలీదు. ఊళ్ల సరిహద్దులన్నీ నోటికొచ్చిన బాబాయిక్కూడా తెలీదు.

నిజానికి అమెరికాలో సగం జట్లవి ఇలాంటి ఇంటిపేర్లే. న్యూ ఆర్లీన్స్ సంగీతం చూసి పెట్టుకున్న జాజ్ అనే పేరుతో ఆ జట్టు 1979లో సాల్ట్ లేక్ సిటీకి కాపురానికెళ్లింది. ఊరి పేరులోనే సరస్సున్న వాళ్లు సంగీతం పెట్టుకుని కూర్చున్నారు, సరస్సు లేని మేం లేకర్స్‌మయ్యాం. ఒక్క ఫోన్ కాల్‌తో తేలే మార్పిడి ఇది, ఎవరికీ పట్టలేదు. వాంకూవర్ గ్రిజ్లీలు 2001లో మెంఫిస్ చేరాయి. అక్కడ గ్రిజ్లీ ఎలుగుబంటి కనబడాలంటే జూకి టికెట్ కొనాలి.

బాబాయి వీటిని పట్టించుకోలేదు. ఇంటిపేరు కాదు, ఆస్తి సంగతి చెప్పమన్నాడు. చెప్పాను. 1949, 50, 52, 53, 54. అయిదూ జార్జ్ మైకన్ అనే పెద్దాయన సంపాదన. ఆరడుగుల పది అంగుళాల మనిషి, లావుపాటి కళ్లద్దాలు పెట్టుకునే ఆడేవాడు. బుట్ట కింద ఆయన నిలబడితే బంతి ఇంకెవరికీ దక్కేది కాదు. అందుకని 1951లో బుట్ట ముందున్న గీతల మధ్య వెడల్పు ఆరడుగుల నుంచి పన్నెండడుగులకు పెంచారు. ఒక మనిషి కోసం సరిహద్దు రాళ్లు జరిపారంటే బాబాయికి గౌరవం కలిగింది. ఆ ఊపులో, 1950 నవంబరులో ఫోర్ట్ వేన్ జట్టు మైకన్‌కు భయపడి బంతి వదలకుండా కాలక్షేపం చేసి 19-18తో మా మీద గెలిచిందని, మా 18లో 15 మైకన్‌వేనని కూడా చెప్పేశాను.

"పంతొమ్మిది పద్దెనిమిదా? అది కబడ్డీ కాదూ?"

"24 సెకన్లలో బంతిని బుట్టకేసి విసరాలనే రూలు అప్పటికి రాలేదు బాబాయ్. అది 1954లో వచ్చింది."

"అంటే మీ అయిదూ రూలు రాకముందువేగా."

నేను పెసరట్టు మీద దృష్టి పెట్టాను. 1949 నాటికి ఇప్పటి మా లీగుకు ఎన్‌బీఏ అన్న పేరే లేదని, అప్పుడు గెలిచింది బీఏఏ అనే లీగులోనని చెప్పకుండా ఉండాల్సింది. "అప్పటికి ఆ మండలమే ఏర్పడలేదన్నమాట," అని వేలు మడిచాడు.

అసలు గొడవ 1959 దగ్గర వచ్చింది. ఆ ఏడు ఫైనల్లో బోస్టన్ సెల్టిక్స్ చేతిలో మినియాపొలిస్ 4-0తో, అంటే ఆడిన నాలుగు మ్యాచ్‌లూ, ఓడింది. దాన్ని మా లెక్కలో కలపకూడదని నేను మొదటి నుంచీ వాదిస్తున్నాను. అది ఆ ఊరి వ్యవహారం. లాస్ ఏంజెలెస్ వాళ్లకు దాంతో ఏమిటి సంబంధం?

"1954ది మీదే?"

"మాదే."

"1959ది?"

"మినియాపొలిస్‌ది."

"ఒరేయ్, ఆస్తి తీసుకున్నవాడు అప్పు కూడా తీసుకోవాల్రా."

ఇలాంటి సంకుచిత రెవెన్యూ దృష్టితోనే మన దేశంలో బాస్కెట్‌బాల్ ఎదగలేదని నా అభిప్రాయం. అప్పులు మాకు కొత్తా? అరవైల్లో లాస్ ఏంజెలెస్ పేరు మీదే ఆరుసార్లు అదే బోస్టన్‌కు ఫైనల్లో ఓడాం. 1969 ఫైనల్లో ఆఖరిదైన ఏడో మ్యాచ్ మా సొంత హాల్లో. గెలవగానే మీద రాలేలా మా ఓనరు పైకప్పుకు వేల బెలూన్లు కట్టించాడు. ఆలు లేదు, చూలు లేదు, సోమలింగానికి బారసాల. రెండంటే రెండు పాయింట్లతో పోయింది. బెలూన్లు పైనే ఉండిపోయాయి. ఇన్ని మోస్తున్నవాళ్లం, ఊరు కాని ఊరి ఓటమి కూడా మోయాలా?

బోస్టన్ వాళ్లవి 18. 2020లో వాళ్లతో సమానమయ్యాం, 2024లో మళ్లీ ఒకటి ముందుకెళ్లారు. మినియాపొలిస్ తీసేస్తే మావి పన్నెండు. అందుకే తియ్యం. వాళ్ల 18లో 11 బిల్ రసెల్ అనే ఆటగాడు పదమూడు సీజన్లలో గెలిచినవి, అందులో ఎనిమిది వరసగా. ఆ కాలంలో చాలా ఏళ్లు లీగులో ఉన్నవి ఎనిమిది, తొమ్మిది జట్లు. ఎనిమిది జట్లలో గెలవడం ఒక గెలుపా అన్నాను.

"మీ కళ్లద్దాలాయన చివర్లో గెలిచినప్పుడు ఎన్నున్నాయి?"

"తొమ్మిది."

"తేడా?"

"ఒకటి బాబాయ్. కానీ ఆ ఒక్కటీ ముఖ్యం."

నేతులు తాగింది మినియాపొలిస్ తాతలు, మూతి లాస్ ఏంజెలెస్‌ది, వాసన చూడమంటూ తెనాలి అరుగు మీద కూర్చున్నది నేను. ఇంతకీ ఆ తాతకు ఏం చేశారని అడిగాడు. మైకన్ 2005లో పోయాడు, ఆయన 99 నంబరు జెర్సీని గౌరవంగా హాలు పైకి ఎక్కించింది 2022 అక్టోబరులో. "అరవై ఏళ్లు ఆస్తి తిని తద్దినం ఇప్పుడు పెట్టారా," అన్నాడు. దీనికి మాత్రం నా దగ్గర వాదన లేదు.

పద్ధతిగా చేసినవాళ్లూ లేకపోలేదు. 2002లో షార్లెట్ నుంచి న్యూ ఆర్లీన్స్ పోయిన హార్నెట్స్ పేరునీ, 1988 నుంచి 2002 దాకా చరిత్రనీ 2014లో మళ్లీ షార్లెట్‌కే ఇచ్చేశారు. పంపకాల దస్తావేజంటే అలా ఉండాలని బాబాయి మెచ్చుకున్నాడు. సియాటిల్ దగ్గర మాత్రం కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. 2008లో అక్కణ్నుంచి సోనిక్స్ జట్టు ఓక్లహోమా సిటీకి పోయింది. ఒక్క సీజన్ ఆడిన కెవిన్ డ్యురాంట్ అనే కుర్రాణ్ని కూడా పట్టుకుపోయింది. పేరు, రంగులు మాత్రం సియాటిల్‌కే వదిలేశారు. 1979లో సియాటిల్ గెలిచిన టైటిల్ ఎవరిది? 2025లో ఓక్లహోమా గెలిస్తే లీగు పుస్తకాల ప్రకారం అది రెండోది, ఊళ్లో జనానికి మొదటిది. అడంగల్లో పట్టాదారు ఒకరు, అనుభవదారు ఇంకొకరు. సియాటిల్ పక్కన బాతెల్‌లో ఉన్న మా పెదనాన్న కొడుకు పంపిన ఫోటో చూపించాను. వాళ్లబ్బాయి ఆకుపచ్చ సోనిక్స్ జెర్సీ వేసుకుని నవ్వుతున్నాడు. వాడు పుట్టకముందే ఊరొదిలిపోయిన జట్టు అది. బాబాయి ఫోటోను వేళ్లతో పెద్దది చేసి చాలాసేపు చూశాడు. "వీడి క్లెయిము బాగుంది," అన్నాడు.

చివరికి నేనూరుకోలేక శాక్రమెంటో కింగ్స్ గురించి చెప్పాను. రోచెస్టర్‌లో రాయల్స్ అన్న పేరుతో మొదలై, 1957లో సిన్సినాటి, 1972లో కాన్సస్ సిటీ, 1985లో శాక్రమెంటో. కాన్సస్ సిటీలో బేస్‌బాల్ వాళ్లకు అప్పటికే రాయల్స్ అన్న పేరుంటే, వీళ్లు గొడవ పడకుండా కింగ్స్ అని మార్చుకున్నారు. మొత్తం మీద ఒక్కటే టైటిల్, 1951లో. ఆ తర్వాత ఎప్పుడో మొదలై 2022 దాకా వరసగా పదహారు సీజన్లు ప్లేఆఫ్స్ అనే ఆఖరి దశ పోటీల మొహం చూడలేదు. ఇప్పుడు గెలిచినరోజు హాలు మీంచి ఆకాశంలోకి ఊదారంగు లైటు వేస్తారు. నేను నవ్వడానికి చెప్పాను. ఆయన నవ్వలేదు.

"ఎక్కడికేస్తే అక్కడికి పోయారు. కిక్కురుమనలేదు," అన్నాడు. బాపట్ల, పొన్నూరు, మాచర్ల, మళ్లీ బాపట్ల తిరిగిన మనిషి.

హైదరాబాద్ తిరిగొచ్చాక రోజూ పొద్దున్నే ఫోన్ చేస్తున్నాడు. లేకర్స్ గురించి కాదు.

"ఏరా, లైటు వేశారా?"

"లేదు బాబాయ్."

"పోన్లే. కరెంటు బిల్లన్నా మిగిలింది."