నీళ్లకు జబ్బు చేసింది

హన్మకొండలో ఒక ల్యాబ్. పేరెందుకులెండి, మీ గల్లీలోనూ అలాంటిది ఉండే ఉంటుంది. అక్కడ పనిచేసే దోస్తు దగ్గర మొన్న చాయ్ తాగుతుంటే నా కళ్ల ముందే అద్భుతం జరిగింది. ఉత్త నీళ్లలో హెపటైటిస్ బి వైరస్ పుట్టింది.

సీటీ వాల్యూ అంటే మీకు కొత్తగా చెప్పక్కర్లేదు, కరోనాలో అరుగుల మీద కూర్చుని పది మార్కుల్లా చెప్పుకున్నాం. డీఎన్ఏను పెంచి చూసే పీసీఆర్ మిషన్‌లో ఒక్కో సైకిల్‌కు డీఎన్ఏ దాదాపు రెట్టింపవుతుంది. పది సైకిళ్లకు 1,024 రెట్లు. గ్రాఫ్‌లో గీత ఎన్నో సైకిల్‌కు లేచిందో అదే సీటీ. ఎంత ముందు లేస్తే సరుకు అంత ఎక్కువ. శాంపిళ్లు పోసే ప్లేటులోని చిన్న గుంటల్ని వెల్స్ అంటారు. పక్క వెల్‌లోంచి చిందిన తుంపరనూ ఆ మిషన్ అంతే ప్రేమగా పెంచుతుంది. అందుకే ఒక వెల్‌లో శాంపిల్ బదులు నీళ్లు పోస్తారు. అందులో గీత లేవకూడదు.

లేచింది. 33వ సైకిల్‌కే.

పెద్దసారు కళ్లద్దాలు సవరించుకున్నారు. "నీళ్లెక్కడివి?"

"సీసాలోవే సార్."

"సీసా మార్చండి."

అని మౌస్‌తో ఒక్క నొక్కు నొక్కి ఆ వెల్‌ను గ్రాఫ్‌లోంచి తీసేశారు. నీళ్లకు జబ్బు నయమైపోయింది!

ఆ ఊపులోనే, ఒకే శాంపిల్ పోసిన మూడు వెల్స్ చూశారు. సీటీలు 22, 24, 27. చివరికీ మొదటికీ 32 రెట్ల తేడా. సారు నడిమిది ఉంచి అటూ ఇటూ పీకేశారు. ఒక్కటే మిగిలాక ఇంక తేడా ఎక్కడిది? సున్నా. సీటీని వైరస్ లెక్కగా మార్చే స్టాండర్డ్ కర్వ్ ఎప్పటిదని అడిగితే దోస్తు గోడ మీది ప్రారంభోత్సవం ఫొటో చూపించాడు, కొబ్బరికాయతో సహా. ఎనుమాముల మార్కెట్లో పత్తి బస్తాను మూడుసార్లు కాంటా పెట్టి నచ్చిన తూకం రాసుకుంటే రైతు ఊరుకుంటాడా?

రిపోర్టు వచ్చింది. రక్తంలో వైరస్ లెక్క 1,847.36. పాయింటు తర్వాత రెండంకెలు! 2,000కు అటా ఇటా అన్నది కూడా చూసే డాక్టర్లు మందు సంగతి తేలుస్తారు. నీళ్లకే వైరస్ అంటగట్టిన ప్లేటు అది. దాని మీద సంతకం ఎట్లా పెడతారండీ? చెయ్యి వణకదా? డబ్బులు తీసుకుని లెక్క తప్పు చెప్పడాన్ని మా ఊళ్లో దొంగతనమంటారు.

ములుగు అవతలి నుంచి వచ్చిన పెద్దమనిషి ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో దాచుకున్నాడు. ప్లేటు మళ్లీ పెడితే రెండు గంటలు. ఆయన ఊరికి ఆఖరి బస్సు ఎనిమిదింటికి. అప్పటికి టైం మూడైంది.