నువ్వు జీసీసీవేనా? అవునండి!

సీ, సీప్లస్‌ప్లస్ కోడ్‌ని ప్రోగ్రామ్‌గా మార్చే కంపైలర్ జీసీసీలో 13వ వెర్షన్ వాడుతున్న నాకు నిన్న ఒక లైబ్రరీ హెడర్ (మన కోడ్‌లో చేర్చుకునే ఫైల్) తీర్పు చెప్పేసింది: మీ కంపైలర్ మరీ పాతది, అప్‌గ్రేడ్ చేసుకోండి. తెరిచి చూస్తే లోపలి షరతు ఇది: జీఎన్‌యూసీ మాక్రో (జీసీసీ తన ప్రధాన వెర్షన్ నంబర్ చెప్పుకునే పేరు) విలువ 4 అయి ఉండాలి, మైనర్ (చుక్క తర్వాతి నంబర్) 8కి తగ్గకూడదు. 13 అంటే 4 కాదు కదా, కాబట్టి పాతదే. తర్కానికి వంక పెట్టలేం. 2015లో 4.9 తర్వాత 5.1 వచ్చేసిందన్న కబురు ఆ హెడర్‌కి ఇంకా చేరలేదు, అంతే.

అసలు ఇలాంటి షరతుల్ని కంపైల్‌కి ముందే తేల్చే ప్రీప్రాసెసర్ విచారణ చూసి తీరాలి. నువ్వు జీసీసీవేనా అని అడిగితే క్లాంగ్ అనే వేరే కంపైలర్ తడుముకోకుండా అవునండి అంటుంది. ఏ వెర్షన్? 4.2.1 అండి. అది 2007 నాటిది కదరా! అవునండి, ఇప్పటికీ అదేనండి. పక్కనుంచి ఇంటెల్ వారి పాత కంపైలర్ ఐసీసీ కూడా నేనూ జీసీసీనేనండి అని చెయ్యెత్తుతుంది. విండోస్ గడప తొక్కగానే అదే క్లాంగ్ చొక్కా మార్చి, మైక్రోసాఫ్ట్ కంపైలర్ గుర్తయిన ఎంఎస్‌సీ వెర్ మాక్రో చూపించి, మైక్రోసాఫ్ట్ తాలూకానండి అంటుంది. పోనీ అసలు మైక్రోసాఫ్ట్ కంపైలర్‌ని అడుగుదామా? సీప్లస్‌ప్లస్ 17 ప్రమాణమంతా కడుపులో పెట్టుకుని, నీది ఏ ప్రమాణం అంటే నాది 199711 అండి అంటుంది, అంటే 1998 ప్రమాణం! దాని చేత నిజం చెప్పించాలంటే విడిగా ఒక స్విచ్ (కంపైలర్ ఆప్షన్) వెయ్యాలి, ఆ స్విచ్ కూడా విజువల్ స్టూడియో 2017 15.7లో గానీ రాలేదు. యాపిల్ క్లాంగ్ 15 అంటే మామూలు క్లాంగ్ 15 కాదని మళ్లీ చెప్పాలా?

పాపం, వీటినని ఏం లాభం? నిజం చెప్పిన ప్రతిదాన్నీ కంపైల్‌ని అక్కడే ఆపేసే ఎర్రర్ డైరెక్టివ్‌తో గెంటేసి అబద్ధం నేర్పింది మనమే. ఒరేయ్ నాయనా, నీకు కావాల్సింది ఫలానా బిల్టిన్ (కంపైలర్‌లోనే ఉండే ఫంక్షన్) ఉందా లేదా అనేగా? అదే అడిగి చావు! ఆ ప్రశ్న అడిగే హ్యాజ్ బిల్టిన్ క్లాంగ్‌లో ఎప్పట్నుంచో ఉంది, జీసీసీలో 10 నుంచీ ఉంది, ఏ సౌకర్యం ఉందో చెప్పే ఫీచర్ మాక్రోలైతే సీప్లస్‌ప్లస్ 20 ప్రమాణంలోకే ఎక్కాయి. ఫలానా వెర్షన్‌లో ఫలానా బగ్ ఉందని తప్పించుకోడానికి నంబర్ చూశావా, సరే, ఒప్పుకుంటా. మిగతాదంతా ఒళ్లు బద్ధకం, పైగా ఆ బద్ధకానికి జరిమానా కట్టేది మేము.

కొందరు మహానుభావులు ఇంకా ముదుర్లు. ఏటా కొత్త జీసీసీ రాగానే ఆ షరతుకి 'లేదా 14', 'లేదా 15' అని ఒక ముక్క అతికించి, రిలీజ్ నోట్స్‌లో కంపాటిబిలిటీ మెరుగుపరిచాం అని రాసుకుంటారు. కింద థ్యాంక్యూలు కూడా పడతాయి.